విండోస్ మళ్ళీ వేశాక కంప్యూటర్ బూట్ అవ్వట్లేదా? ఫార్మాట్‌కి ఒప్పుకునే ముందు ఇది చూడండి

ఈసారి ఎపిసోడ్ మా ఊరు జలదంకి నుంచి రికార్డ్ చేస్తున్నాను. మధ్యలో ఆటో హారన్ వినిపించినా, కరెంటు పోయినా కొంచెం అడ్జస్ట్ అవ్వండి. సెలవుకని వచ్చాను, వచ్చిన రెండో రోజే పని తగిలింది. ఆ పనే ఇవాళ్టి టాపిక్.

విషయం ఏంటంటే, విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాక, లేదా ఎస్ఎస్‌డీ మార్చాక, కంప్యూటర్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద "నో బూటబుల్ డివైస్" అనో, "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అనో వస్తుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా. పాత సిస్టమ్‌కి ఎస్ఎస్‌డీ వేసి కొత్త విండోస్ ఎక్కించుకుంటున్నామని, ఆ తర్వాత ఇలా అయిందని నాకు మెసేజ్‌లు చాలానే వస్తున్నాయి. అందరికీ బయట దొరికే సలహా ఒకటే: "ఫార్మాట్ కొట్టేద్దాం."

ఆ మాటకి ఓకే చెప్పే ముందు ఒక్క పదిహేను నిమిషాలు నాకివ్వండి.

మా ఊళ్ళో ఒక ఫొటో స్టూడియో ఉంది. అన్న చిన్నప్పట్నుంచీ తెలుసు, నా టెన్త్ హాల్ టికెట్ ఫొటో తీసింది ఆయనే. పొద్దున్నే ఇంటికొచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. "తమ్ముడూ, సిస్టమ్ పోయింది. ఏం చేయాలో తోచట్లా" అన్నాడు.

జరిగింది ఇది. ఆయన డెస్క్‌టాప్ పాతది. అందులో ఒక హార్డ్ డిస్క్ ఉండేది. స్లోగా ఉందని కొన్నాళ్ళ కిందట 256 జీబీ ఎస్ఎస్‌డీ కొని, దాంట్లో విండోస్ మళ్ళీ వేయించాడు. పాత హార్డ్ డిస్క్‌ని కూడా లోపలే ఉంచారు. బాగానే నడిచింది. ఈ మధ్య ఆ హార్డ్ డిస్క్ టక్ టక్ మని చప్పుడు చేస్తోందట. ఎటూ పోయేలా ఉందని పీకి పక్కన పెట్టాడు. అంతే, తర్వాత కంప్యూటర్ బూట్ అవ్వలేదు. విండోస్ ఉన్నది ఎస్ఎస్‌డీలో, తీసింది హార్డ్ డిస్క్‌ని. మరి ఎందుకు ఆగిపోయింది?

కావలి తీసుకెళ్ళి చూపించాడు. ఎస్ఎస్‌డీలో విండోస్ కరప్ట్ అయింది, ఫార్మాట్ చేసి కొత్తగా వేస్తామన్నారట. అన్న సరే అనబోయి ఆగాడు. ఎందుకంటే ఆ ఎస్ఎస్‌డీలో, డెస్క్‌టాప్ మీదే, ఒక పెళ్ళి ఫోల్డర్ ఉంది. ఎడిటింగ్ ఫాస్ట్‌గా అవుతుందని మొత్తం అక్కడే పెట్టుకున్నాడు. కెమెరా కార్డులు వేరే ఫంక్షన్ కోసం అప్పటికే ఫార్మాట్ చేసేశాడు. అంటే ఆ పెళ్ళికి ఈ భూమ్మీద ఉన్న కాపీ అదొక్కటే. పెళ్ళికొడుకు కువైట్‌లో పని చేస్తాడు, ఆదివారం వెళ్ళిపోతున్నాడు. "తాళి మళ్ళీ కట్టమని అడుగుతానా?" అన్నాడు అన్న.

ఇదంతా మీకు సింపుల్‌గా అర్థం కావాలంటే, ముందు కంప్యూటర్ ఎలా లేస్తుందో తెలియాలి. మా ఊరి ఉదాహరణే చెప్తాను.

ఎవరో చుట్టం మొదటిసారి జలదంకి వచ్చాడనుకోండి. బస్సు దిగాడు. ఆయనకి ఇల్లు తెలియదు. తెలిసింది ఒక్కటే: సెంటర్లో టీ కొట్టు ఉంటుంది, అక్కడ అడగాలి. టీ కొట్టు ఆయన దగ్గర చిన్న పుస్తకం ఉంది, అందులో ఎవరిల్లు ఎక్కడో రాసుంది. చూసి దారి చెప్తాడు, చుట్టం ఇంటికి చేరతాడు.

ఆ బస్సు దిగిన మనిషి మీ మదర్‌బోర్డ్‌లో ఉండే ఫర్మ్‌వేర్. పాత రోజుల్లో బయోస్ అనేవాళ్ళు, ఇప్పుడున్నది యూఈఎఫ్ఐ. టీ కొట్టు అంటే డిస్క్‌లో ఉండే చిన్న పార్టిషన్, దాన్ని ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అంటారు. మామూలుగా 100 ఎంబీ నుంచి కొన్ని వందల ఎంబీ దాకా ఉంటుంది, ఫ్యాట్32 ఫార్మాట్‌లో. విండోస్‌లో మీకు కనపడదు, దానికి డ్రైవ్ లెటర్ ఉండదు. ఆ కొట్టులో ఉండే పుస్తకం పేరు బీసీడీ, అంటే బూట్ కాన్ఫిగరేషన్ డేటా. ఇక ఇల్లు మీ సీ డ్రైవ్. విండోస్, మీ ఫొటోలు, ప్రాజెక్టులు అన్నీ అందులోనే.

ఇక్కడ మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఒక తిరకాసు పెట్టారు. బూట్ ఫైళ్ళు ఉండే చిన్న పార్టిషన్‌ని "సిస్టమ్ పార్టిషన్" అంటారు. విండోస్ సిస్టమ్ మొత్తం ఉండే పెద్ద పార్టిషన్‌ని "బూట్ పార్టిషన్" అంటారు. అవును, మీరు కరెక్ట్‌గానే విన్నారు. పేర్లు తారుమారుగా అనిపిస్తాయి, కానీ వాళ్ళ డాక్యుమెంట్లలో అలానే ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ ఓపెన్ చేసి, "సిస్టమ్" అని రాసున్న చిన్న పార్టిషన్ ఎందుకులే అని డిలీట్ చేసినవాళ్ళు, "బూట్" అని రాసుంది కదా అని సీ డ్రైవ్‌ని చిన్నదనుకున్నవాళ్ళు, ఇద్దరూ నాకు తెలుసు.

ఇప్పుడు అన్న కథకి రండి. ఎస్ఎస్‌డీలో విండోస్ వేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ తగిలించే ఉంది. అందులో పాత విండోస్ తాలూకు ఈఎఫ్ఐ పార్టిషన్ అలాగే ఉంది. విండోస్ సెటప్ చూసింది: "ఓ, ఆల్రెడీ ఒక టీ కొట్టు ఉందిగా, కొత్తది ఎందుకు?" అని కొత్త ఇంటి అడ్రస్‌ని పాత కొట్టు పుస్తకంలోనే రాసింది. ఇల్లు ఎస్ఎస్‌డీలో, టీ కొట్టు హార్డ్ డిస్క్‌లో. అన్న హార్డ్ డిస్క్ పీకాడు, టీ కొట్టు పోయింది. ఇల్లు ఇల్లుగానే ఉంది, లోపల సామాను సామానుగానే ఉంది. దారి చెప్పేవాడే లేడు.

టీ కొట్టు మూతపడిందని ఇల్లు కూలగొట్టి మళ్ళీ కడతామా? ఫార్మాట్ అంటే అదే కదా.

ఈ మాట నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. బీటెక్ సెకండ్ ఇయర్‌లో హాస్టల్ మొత్తానికి నేనే కంప్యూటర్ డాక్టర్‌ని. యూట్యూబ్‌లో రెండు వీడియోలు చూసి అంతా వచ్చనుకున్న రోజులు. ఒకసారి నా ల్యాప్‌టాప్ బూట్ అవ్వలేదు. డిస్క్‌పార్ట్‌లోకి వెళ్ళి "క్లీన్" అని కొట్టాను. ఆ కమాండ్ "నిజంగానే చేయమంటారా?" అని ఒక్కసారి కూడా అడగదు. ఎంటర్ కొట్టగానే పార్టిషన్లు మాయం. నేను సెలెక్ట్ చేసింది పెన్‌డ్రైవ్ అనుకున్నాను, అది లోపలి డిస్క్. అది చాలదన్నట్టు దాని మీదే విండోస్ కూడా వేసేశాను. అందులో మా నాయనమ్మ మాట్లాడిన వీడియో ఒకటి ఉండేది. పొగాకు బ్యారన్ దగ్గర కూర్చుని తన పెళ్ళి గురించి చెప్తుంది, మధ్యలో నన్ను తిడుతుంది కూడా. అప్పటికి ఆమె పోయి ఆరు నెలలు. ఆ వీడియో ఇంక లేదు. తప్పు ఎవరిదీ కాదు, నాదే. అందుకే ఇప్పుడు ఎవరైనా "బూట్ అవ్వట్లేదు" అంటే, మొదట నేను కీబోర్డ్ మీద నుంచి చేతులు తీయమంటాను.

సరే, పనిలోకి వెళ్దాం. వరస తప్పకుండా చేయండి.

మొదటి పని, బయోస్‌లోకి వెళ్ళి చూడటం. కంప్యూటర్ ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ కొట్టండి. అక్కడ మూడు విషయాలు చూడాలి. ఒకటి, మీ ఎస్ఎస్‌డీ పేరు కనిపిస్తోందా? కనిపిస్తే సగం ఊపిరి పీల్చుకోండి, డిస్క్ బతికే ఉంది. అసలు కనిపించకపోతే అది వేరే సమస్య: కేబుల్, స్లాట్, లేదా డిస్కే పోయి ఉండొచ్చు. రెండు, తేదీ, టైమ్ సరిగా ఉన్నాయా? ఏ పదేళ్ళ కిందటి తేదీనో చూపిస్తుంటే మదర్‌బోర్డ్ మీద బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. చాలా బోర్డుల్లో సీఆర్2032 అనే నాణెంలాంటి బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే సెట్టింగులు మొదటికి వచ్చేస్తాయి, బూట్ మోడ్ మారిపోతుంది, విండోస్ లేవదు. ఇలాంటి కేసులో బ్యాటరీ మార్చి, సెట్టింగ్ సరిచేస్తే చాలు. మూడు, బూట్ లిస్ట్‌లో "విండోస్ బూట్ మేనేజర్" అనే పేరుందా? ఉండి, అది కిందెక్కడో ఉంటే పైకి జరపండి. కొన్నిసార్లు అంతటితోనే అయిపోతుంది.

అన్న సిస్టమ్‌లో ఎస్ఎస్‌డీ పేరు కనిపించింది. తేదీ కరెక్టే. విండోస్ బూట్ మేనేజర్ మాత్రం లేదు. హార్డ్ డిస్క్‌ని మళ్ళీ తగిలించి చూశాం, అది చప్పుడు చేసింది కానీ బయోస్ దాన్ని గుర్తుపట్టలేదు. కాబట్టి పాత కొట్టు మీద ఆశ వదిలేసుకున్నాం.

రెండో పని, రిపేర్ కన్నా ముందు కాపీ. దీన్ని దయచేసి స్కిప్ చేయకండి. లైనక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి, ఇన్‌స్టాల్ నొక్కకుండా "ట్రై" మోడ్‌లోనే ఉండండి. ఫైల్ మేనేజర్‌లో మీ సీ డ్రైవ్ కనపడుతుంది. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు, అందులో డెస్క్‌టాప్. కావలసినవి బయటి హార్డ్ డిస్క్‌కి కాపీ చేసుకోండి.

"అన్నా, ఉన్న ఒక్క కంప్యూటర్ పాడైతే పెన్‌డ్రైవ్ ఎక్కడ తయారు చేయాలి?" అని అడుగుతారు మీరు. మీ ఫోన్ ఉందిగా. ఒక ఓటీజీ కేబుల్ తీసుకోండి, ఆండ్రాయిడ్‌లో ఎచ్‌డ్రాయిడ్ అనే ఉచిత యాప్ ఉంది. లైనక్స్ ఐఎస్ఓ ఫైల్ డౌన్‌లోడ్ చేసి దాంతో పెన్‌డ్రైవ్ మీద రాసేయొచ్చు, ఫోన్ రూట్ చేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, ఖాళీదే వాడండి. విండోస్ ఐఎస్ఓకి మాత్రం ఈ పద్ధతి పని చేయదు, దానికి ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో గానీ నెట్ సెంటర్‌లో గానీ మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్‌తో చేసుకోవాలి. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి.

స్టూడియోలో మింట్ బూట్ అయ్యి, సీ డ్రైవ్ ఓపెన్ చేసి, డెస్క్‌టాప్ మీద పెళ్ళి ఫోల్డర్ కనిపించినప్పుడు అన్న ఏమీ మాట్లాడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక ఫొటో తెరవమన్నాడు. తెరిచాను. తలంబ్రాల ఫొటో. "ఇంకోటి" అన్నాడు. అలా ఒక పది తెరిపించాడు. తర్వాత టీ తెప్పించాడు. కాపీ అవ్వడానికి చాలాసేపు పట్టింది, ఆ లోపు కరెంటు పోకూడదని ఇద్దరం యూపీఎస్ వంక చూస్తూ కూర్చున్నాం.

మూడో పని, ఇప్పుడు కొత్త టీ కొట్టు పెట్టాలి. విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూలోకి వెళ్ళండి. డెల్, లెనోవోలకి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఏసుస్ ల్యాప్‌టాప్‌లకి ఎస్కేప్. పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, ముందు యూఈఎఫ్ఐ అని రాసున్నదాన్నే ఎంచుకోండి. భాష అడిగే మొదటి స్క్రీన్ రాగానే షిఫ్ట్ ఎఫ్10 కొట్టండి, నల్ల విండో వస్తుంది. "ఇన్‌స్టాల్" బటన్ జోలికి వెళ్ళకండి.

అందులో "డిస్క్‌పార్ట్" అని కొట్టి ఎంటర్. తర్వాత "లిస్ట్ డిస్క్". డిస్కుల్ని నంబర్లతో కాదు, సైజుతో గుర్తుపట్టండి. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. జీపీటీ అనే కాలమ్‌లో చుక్క గుర్తు ఉందో లేదో కూడా చూడండి. మన ఎస్ఎస్‌డీకి ఉంది, అంటే అది యూఈఎఫ్ఐ పద్ధతి. "సెలెక్ట్ డిస్క్", దాని నంబర్. ఆ తర్వాత "లిస్ట్ పార్టిషన్".

ఇక్కడ రెండు దారులు. లిస్ట్‌లో "సిస్టమ్" అనే టైప్‌తో చిన్న పార్టిషన్ ఉంటే, కొట్టు ఉంది కానీ పుస్తకం చిరిగింది అన్నమాట. చాలామంది కేసు ఇదే. దాన్ని సెలెక్ట్ చేసి, "అసైన్ లెటర్ ఈక్వల్ టు ఎస్" అని కొట్టి, నేరుగా చివరి కమాండ్‌కి వెళ్ళిపోండి.

అసలు అలాంటి పార్టిషనే లేకపోతే, అన్న ఎస్ఎస్‌డీలాగా, కొత్తది చేయాలి. "లిస్ట్ వాల్యూమ్" కొట్టి విండోస్ ఉన్న వాల్యూమ్ ఏదో చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయినప్పుడు అది సీ అనే ఉంటుందని గ్యారంటీ లేదు, డీ కూడా కావచ్చు. దాన్ని సెలెక్ట్ చేసి, "ష్రింక్ డిజైర్డ్ ఈక్వల్ టు 300". సీ డ్రైవ్ చివర నుంచి 300 ఎంబీ జాగా తీస్తుంది, ఫైళ్ళకి ఏమీ కాదు. ఇక్కడ ఎర్రర్ వస్తే ఆగిపోండి, మొండిగా ముందుకెళ్ళొద్దు. తర్వాత "క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ సైజ్ ఈక్వల్ టు 260". ఇప్పుడు ఇంకోసారి "లిస్ట్ పార్టిషన్" కొట్టండి. చుక్క గుర్తు ఆ 260 ఎంబీ దాని పక్కనే ఉందా? ఉందని కళ్ళారా చూశాకే "ఫార్మాట్ క్విక్ ఎఫ్‌ఎస్ ఈక్వల్ టు ఫ్యాట్32" కొట్టాలి. ఈ మొత్తం పనిలో ప్రమాదం ఉన్న చోటు ఇదొక్కటే. తర్వాత "అసైన్ లెటర్ ఈక్వల్ టు ఎస్", ఆపైన "ఎగ్జిట్".

ఇక చివరి కమాండ్. నెమ్మదిగా చెప్తాను, రాసుకోండి. బీసీడీబూట్, ఖాళీ, సీ కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్, ఖాళీ, స్లాష్ ఎస్, ఖాళీ, ఎస్ కోలన్, ఖాళీ, స్లాష్ ఎఫ్, ఖాళీ, యూఈఎఫ్ఐ. ఎంటర్. సీ బదులు మీకు వేరే లెటర్ వచ్చి ఉంటే అది కొట్టండి. దీని అర్థం: "ఈ ఇంట్లో ఉన్న విండోస్ నుంచి బూట్ ఫైళ్ళు తీసుకెళ్ళి ఆ కొట్టులో పెట్టు, పుస్తకంలో ఈ ఇంటి అడ్రస్ రాయి." బూట్ ఫైళ్ళు సక్సెస్‌ఫుల్‌గా క్రియేట్ అయ్యాయని ఒక లైన్ వస్తుంది. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి.

అన్న సిస్టమ్ లేచింది. అదే వాల్‌పేపర్, అవే ఐకాన్లు. కావలిలో చేద్దామన్న ఫార్మాట్‌కీ, దీనికీ తేడా 300 ఎంబీ జాగా, ఒక పది లైన్ల కమాండ్లు.

చాలా వీడియోల్లో బూట్‌రెక్ ఫిక్స్‌ఎంబీఆర్, బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ అని చెప్తారు. వాళ్ళు తప్పు చెప్పారని కాదు, అవి పాత పద్ధతి డిస్కులకి పనికొచ్చేవి. ఎంబీఆర్ అనేది 1983లో డాస్ 2.0తో వచ్చింది. డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లలోనే దారీ తెన్నూ మొత్తం రాసుకునే పద్ధతి, నాలుగే ప్రైమరీ పార్టిషన్లు, 2 టీబీ దాటితే చేతులెత్తేస్తుంది. యూఈఎఫ్ఐ, జీపీటీ ఉన్న సిస్టమ్‌లో ఫిక్స్‌ఎంబీఆర్ కొడితే ఉపయోగం ఉండదు, ఫిక్స్‌బూట్ కొడితే చాలాసార్లు "యాక్సెస్ ఈజ్ డినైడ్" అని వస్తుంది. అది చూసి డిస్క్ పోయిందనుకుంటారు. పోలేదు, వేరే తాళానికి వేరే తాళంచెవి పెట్టారు, అంతే. మీది నిజంగానే పాత ఎంబీఆర్ డిస్క్ అయితే, విండోస్ తాలూకు బూట్ ఫైళ్ళు ఉండే ప్రైమరీ పార్టిషన్ "యాక్టివ్" అని మార్క్ అయ్యుండాలి, బీసీడీబూట్ కమాండ్ చివర యూఈఎఫ్ఐ బదులు బయోస్ అని ఇవ్వాలి.

ఇంకో రెండు ఇబ్బందులు కూడా చెప్పేస్తాను. "లిస్ట్ డిస్క్"లో అసలు ఎస్ఎస్‌డీయే కనిపించట్లేదు, కానీ బయోస్‌లో ఉంది. 11వ తరం ఇంటెల్ నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే సెట్టింగ్ ఉంటుంది. దానికి ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో వేసి లోడ్ చేయాలి. డిస్క్ కనపడలేదని ఆ సెట్టింగ్ మార్చేసి మర్చిపోతే, తర్వాత విండోస్ "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలం స్క్రీన్ ఇస్తుంది. మళ్ళీ పాత సెట్టింగ్ పెడితే లేస్తుంది.

రెండోది, లైనక్స్ డ్యూయల్ బూట్ వాడేవాళ్ళకి. విండోస్ మళ్ళీ వేశాక ఉబుంటు మాయమైందని కంగారు పడకండి. ఎక్కువసార్లు లైనక్స్ ఫైళ్ళు ఆ ఈఎఫ్ఐ పార్టిషన్‌లో అలాగే ఉంటాయి, విండోస్ తన పేరు ముందు పెట్టుకుంటుంది, అంతే. బయోస్ బూట్ లిస్ట్‌లో ఉబుంటుని పైకి తెస్తే గ్రబ్ మెనూ వచ్చేస్తుంది. అలా రాకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌లో బూట్ రిపేర్ అనే టూల్ వాడండి. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత కొన్ని డ్యూయల్ బూట్ సిస్టమ్స్‌లో "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని వచ్చి లైనక్స్ లేవలేదు. అప్పుడు కూడా లైనక్స్ పార్టిషన్‌లో డేటా చెక్కుచెదరలేదు, సెక్యూర్ బూట్ పాత బూట్‌లోడర్‌ని ఒప్పుకోలేదు, అంతే.

ఇది మా ఊరి కథ మాత్రమే కాదు. 2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి తప్పుగా వచ్చి ప్రపంచమంతా నీలం స్క్రీన్లు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు. మన శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో వైరల్ అయింది. ఆ కంప్యూటర్లలో డిస్కులు పాడవ్వలేదు, డేటా పోలేదు. సేఫ్ మోడ్‌లోకో, రికవరీలోకో వెళ్ళి తప్పుడు ఫైలు తీసేయడం, మందు అదే. కానీ ఒక చోట చాలామంది ఇరుక్కున్నారు: బిట్‌లాకర్.

దాని గురించి మీకూ చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పిన పద్ధతి మొత్తం దాని దగ్గర ఆగిపోవచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా విండోస్ 11 24హెచ్2 ఫ్రెష్‌గా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవ్వొచ్చు. అప్పుడు ఇంటికి నిజంగానే తాళం ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ లేకపోతే లైనక్స్ పెన్‌డ్రైవ్ కాదు కదా, నేనొచ్చినా ఏమీ చేయలేను. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. కాబట్టి ఈ వీడియో అయిపోగానే, కంప్యూటర్ బాగున్నప్పుడే, ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిచి కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి. లాగిన్‌కి వాడిన మెయిల్ ఐడీ షాపు వాళ్ళదైతే, ఇవాళే మీది పెట్టుకోండి.

కంప్యూటరే లేదు, నాకు ఫోనే అంటారా? ఫోన్‌లోనూ బూట్‌లోడర్ ఉంటుంది, సిస్టమ్ పార్టిషన్ ఉంటుంది. 2016లో ఆండ్రాయిడ్ 7తో ఏ, బీ అని రెండు స్లాట్ల పద్ధతి వచ్చింది. అది ఉన్న ఫోన్లలో అప్‌డేట్ ఒక స్లాట్‌లో పడుతుంది, అది లేవకపోతే పాత స్లాట్‌తో ఫోన్ ఆన్ అవుతుంది. రెండు టీ కొట్లు, రెండు ఇళ్ళు అనుకోండి. కానీ ఫోన్ బూట్ లూప్‌లో పడితే రికవరీలో "వైప్ డేటా" నొక్కమని చెప్తారు చూడండి, అదీ ఫార్మాటే. అది నొక్కే ముందు మాములు రీస్టార్ట్, సేఫ్ మోడ్, సర్వీస్ సెంటర్, అన్నీ అయ్యాకే.

చివరిగా రెండు అలవాట్లు. విండోస్ వేసేటప్పుడు, వేయాల్సిన డిస్క్ ఒక్కటే ఉంచి మిగతా డిస్కులన్నీ పీకేయండి. షాపులో వేయిస్తున్నా సరే, పక్కన నిలబడి "అన్నా, ఆ హార్డ్ డిస్క్ కేబుల్ తీసి వేయండి" అని చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పి ఉంటే స్టూడియో అన్నకి ఈ బాధే లేదు. రెండోది కాపీలు. 3-2-1 అనే రూల్ ఉంది: మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒకటి వేరే చోట. దీన్ని పాపులర్ చేసింది కంప్యూటర్ ఇంజనీర్ కాదు, పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫర్. స్టూడియో అన్నకి ఈ ముక్క చెప్తే నవ్వాడు. ఇప్పుడు పెళ్ళి అవ్వగానే ఒక కాపీ బయటి డిస్క్‌లో వేసి ఇంట్లో బీరువాలో పెడుతున్నాడు. డెలివరీ అయ్యే దాకా కెమెరా కార్డులు ఫార్మాట్ చేయడం మానేశాడు.

పెళ్ళికొడుకు శనివారం సాయంత్రం వచ్చి పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళాడు. అతనికి ఇదంతా ఏమీ తెలియదు. ఆల్బమ్ ఎప్పుడొస్తుందని రెండుసార్లు అడిగాడు, లేట్ చేశావని అన్నని కాస్త కోప్పడ్డాడు కూడా. అన్న అన్నీ విని నవ్వి ఊరుకున్నాడు.

మీ సిస్టమ్‌లో వచ్చిన ఎర్రర్ ఏంటో, డిస్క్ బయోస్‌లో కనిపిస్తోందో లేదో, ఈ రెండూ రాసి కామెంట్ పెట్టండి. తెలిసింది తప్పకుండా చెప్తాను. అప్పటిదాకా ఎవరేమన్నా ఫార్మాట్ మాత్రం కొట్టొద్దు. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.